ఆయుర్వేదం డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్తున్నారా? వాళ్ళేం అడుగుతారు, మీరేం అడగాలి

మోకాళ్ళ నొప్పులనో, ఏళ్ళ తరబడి వదలని గ్యాస్ అనో, పిల్లకి ఒంటిమీద దద్దుర్లనో చెప్తే చాలు, ఎవరో ఒకరు "ఓసారి ఆయుర్వేదం చూపించండి" అంటారు. మనమూ సరే అనుకుంటాం. కానీ అక్కడ ఏం జరుగుతుందో, ఎంతసేపు పడుతుందో, ఏం తీసుకెళ్ళాలో చెప్పేవాళ్ళు దొరకరు. మా ఇంట్లో అమ్మ మోకాళ్ళకి, బాబాయి మొలలకి ఈ వైద్యమే నడుస్తోంది, వాళ్ళ వెంట వెళ్ళి కూర్చుని చూసినవీ, అడిగీ చదివీ తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఆయుర్వేదాన్ని నెత్తిన పెట్టుకునే రకమూ కాదు, తీసిపారేసే రకమూ కాదు. నా పట్టుదల ఒక్కటే: నోట్లో వేసుకునే మందు పేరు మనకి తెలియాలి, ఆ పేరు కాగితం మీద ఉండాలి.

ముందు, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు?

మూలికల వైద్యం అనగానే మన దగ్గర చాలామంది లెక్కలోకి వస్తారు. కాలేజీలో చదివి బీఏఎంఎస్ పట్టా తీసుకున్న ఆయుర్వేద డాక్టర్లు, చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కాలేజీ లాంటి చోట చదివిన యునానీ హకీములు, ఊళ్ళో తాతముత్తాతల నుంచి పసరు మందు ఇస్తున్న పెద్దాయనలు, హైవే పక్కన గుడారం వేసి సీసాల్లో వేర్లూ బెరళ్ళూ పేర్చి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కొత్తగా వీడియోలు చేసి కొరియర్లో డబ్బాలు పంపేవాళ్ళు కూడా తయారయ్యారు. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టేయకండి.

బీఏఎంఎస్ అంటే నాలుగున్నరేళ్ళ చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. అందులో శరీర శాస్త్రం ఉంటుంది, మూలికల గుర్తింపు ఉంటుంది, రోగ నిర్ధారణ ఉంటుంది. చదువయ్యాక రాష్ట్ర బోర్డులో నమోదు చేసుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు. అది క్లినిక్ బోర్డు మీదో, మందుల చీటీ మీదో కనబడాలి. కనబడకపోతే అడగండి, మొహమాటపడాల్సిన పనేం లేదు. నిజంగా నంబరు ఉన్నవాళ్ళెవరూ అడిగితే కోప్పడరు. వంశపారంపర్యంగా వస్తోందన్న ఒక్క కారణంతో, పట్టా గానీ నమోదు గానీ లేకుండా వైద్యం చేయడానికి హక్కు లేదని సుప్రీంకోర్టు 2018లో కేరళ పారంపర్య వైద్యుల కేసులో తేల్చి చెప్పింది కూడా.

అలాగని ఊళ్ళో పెద్దాయనకి ఏమీ తెలియదని నేననను. ఆకుని చూసి గుర్తుపట్టడంలో కొందరు పట్టాలున్నవాళ్ళకంటే గట్టివాళ్ళు. చిక్కు ఎక్కడొస్తుందంటే జబ్బుని గుర్తుపట్టే దగ్గర. కామెర్ల సంగతే తీసుకోండి. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పసరు తాగినా తాగకపోయినా. పేరు మాత్రం పసరుకి వస్తుంది. అదే పైత్యనాళానికి రాయి అడ్డుపడి కళ్ళు పచ్చబడ్డా, హెపటైటిస్-బి అయినా, పుట్టిన పిల్లవాడికి కామెర్లు ముదిరినా, పసరు కోసం తిరిగిన ఆ నాలుగు రోజులే కొంప ముంచుతాయి. కాబట్టి పసరుకి వెళ్ళాలని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబట్టినా సరే, ముందు రక్తపరీక్ష చేయించి అప్పుడు మాట్లాడండి. విరిగిన ఎముకలకి వేసే పుత్తూరు కట్టుకీ ఇదే వర్తిస్తుంది. చిత్తూరు వైపు వాళ్ళకి ఆ కట్టు మీద ఎంత గురి ఉందో నాకు తెలుసు, తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. కానీ ఎక్స్-రే తీయించుకుని వెళ్ళండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, వేళ్ళు మొద్దుబారినా, చల్లబడినా కట్టు సంగతి మర్చిపోయి ఆసుపత్రికి పరుగెత్తండి.

జనం ఎగబడుతున్నారంటే మందు పనిచేస్తున్నట్టే అనుకోకండి. 2021 మే నెలలో కరోనా మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి ఎంత జనం వెళ్ళారో గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం పంపిణీ ఆపించి పరిశీలన చేయించింది, ఆ తర్వాత కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. హాని లేదన్నారు గానీ, దానితో కరోనా తగ్గుతుందని మాత్రం అనలేదు. హాని లేకపోవడం వేరు, జబ్బు తగ్గించడం వేరు.

ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీల ఆసుపత్రులతో మొదలుపెట్టడం మంచిది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, వరంగల్‌లో, విజయవాడలో ఉన్నాయి, తిరుపతిలో దేవస్థానం వారి ఎస్వీ ఆయుర్వేద కాలేజీ ఉంది. వీటిల్లో ఖర్చు నామమాత్రం. కాకపోతే క్యూ ఉంటుంది, కొన్ని మందులు బయట కొనుక్కోమంటారు, పొద్దున్నే వెళ్తే గానీ పని కాదు.

ఏ జబ్బుకి వెళ్ళాలన్నది కూడా ముఖ్యమే. గుండెలో నొప్పి, మూతి వంకరపోవడం, పాము కాటు, కుక్క కాటు, చంటిపిల్లకి తగ్గని జ్వరం, వాంతిలోనో విరేచనంలోనో రక్తం – వీటికి ఏ ఆకూ ఏ పసరూ వద్దు, నేరుగా ఆసుపత్రికే. కుక్క కాటుకి టీకా మానేసి ఆకు మందు తీసుకుంటే ప్రాణం పోతుంది, ఇందులో రెండో అభిప్రాయం లేదు. ఎక్కువమంది ఆయుర్వేదానికి వెళ్ళేది దీర్ఘకాలంగా సాగుతున్న వాటికే: కీళ్ళు, మలబద్ధకం, ఎసిడిటీ, చర్మం, తుమ్ములు, నిద్ర పట్టకపోవడం, మొలలు. భగందరానికి, అంటే మలద్వారం పక్కన వచ్చే ఫిస్టులాకి, మందు పట్టించిన దారంతో చేసే క్షారసూత్ర చికిత్సకి మన దేశంలో పద్ధతిగా జరిగిన పరీక్షల్లో మంచి పేరే వచ్చింది.

వెళ్ళేముందు రాత్రి

ఒక సంచీ తీసుకోండి. ఇంట్లో మీరు వాడుతున్న ప్రతి మాత్రా షీట్లతో సహా అందులో వేయండి: షుగర్, బీపీ, థైరాయిడ్, గ్యాస్ మాత్ర, నొప్పుల మాత్ర, కాల్షియం, పక్కింటావిడ ఇచ్చిన పొడి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న డబ్బా, అన్నీ. పేర్లు గుర్తుంటాయిలే అనుకోవద్దు, "తెల్లగా గుండ్రంగా ఉంటుందండీ" అంటే ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. ఈ మధ్య చేయించిన పరీక్షల కాగితాలు, ఎక్స్-రేలు, పాత చీటీలు కూడా పెట్టుకోండి. ఏ మందు పడదో, ఏది తింటే దద్దుర్లు వస్తాయో రాసుకోండి. గర్భం ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా, పాలిస్తున్నా అది అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట.

పొద్దున నాలుక గీసుకోకుండా, కాఫీ తాగకుండా, కిళ్ళీ వేసుకోకుండా వెళ్తే మంచిది, ఎందుకంటే నాలుక రంగు, దాని మీద పేరుకున్న తెల్లటి పూత చూస్తారు. నాడి కూడా కడుపు నిండా తిన్నవెంటనే చూడరు. షుగర్ ఉన్నవాళ్ళు దీనికోసమని పస్తులుండి కళ్ళు తిరిగి పడిపోవద్దు, తేలికగా ఏదైనా తిని కాస్త ఆగి వెళ్ళండి.

లోపల ఏం జరుగుతుంది

మొదటిసారి అయితే అరగంట నుంచి ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళు మంచి వైద్యులని నా లెక్క. మోకాలు నొప్పి అని మీరు వెళ్తే ఆయన విరేచనం సంగతి అడుగుతారు. రోజూ అవుతుందా, గట్టిగానా జారుగానా, ముక్కాలా, తర్వాత ఇంకా ఉన్నట్టు అనిపిస్తుందా. ఆకలి వేళకి వేస్తుందా, తిన్నాక బరువుగా ఉంటుందా, తేన్పులు పులుపుగా వస్తాయా. నిద్ర, చెమట, దాహం, ఆడవాళ్ళయితే నెలసరి, చలి పడదా ఎండ పడదా, కోపం ఎక్కువా, కంగారు ఎక్కువా. మోకాలికీ వీటికీ సంబంధం ఏంటని విసుక్కోవద్దు. ఒకే నొప్పితో వచ్చిన ఇద్దరికి వాళ్ళు రెండు రకాల మందులు రాస్తారు, ఆ తేడా ఈ ప్రశ్నల్లోంచే వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మందు తాగే అలవాటు ఉంటే అదీ చెప్పండి. పక్కన అత్తగారో, భర్తో కూర్చుని ఉంటే కొన్ని మాటలు నోట్లోంచి రావు, అప్పుడు "ఓ ఐదు నిమిషాలు ఒక్కదాన్నే మాట్లాడాలి డాక్టర్ గారూ" అని అడిగేయండి.

తర్వాత పరీక్ష. నాడి చూసేటప్పుడు బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనిస్తారు: చూపుడు వేలి కింద వాతం, మధ్య వేలి కింద పిత్తం, ఉంగరం వేలి కింద కఫం అని సంప్రదాయం. మగవాళ్ళకి కుడిచెయ్యి, ఆడవాళ్ళకి ఎడమచెయ్యి చూడటం రివాజు. నాలుక, కళ్ళు, గోళ్ళు, చర్మం గరుకుగా ఉందా జిడ్డుగా ఉందా, గొంతు ఎలా ఉంది, ఇవన్నీ గమనిస్తారు. నొప్పి ఉన్న చోట నొక్కి చూడాలి, కాలు వంచి చూడాలి, బీపీ చూడాలి. ఇవేమీ చేయకుండా చెయ్యి పట్టుకుని అర నిమిషంలో మీ జాతకం మొత్తం చెప్పేవాళ్ళని చూసి ముచ్చటపడకండి. నాడిలో షుగర్ ఎంతుందో తెలియదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలియదు. "రిపోర్టులు అక్కర్లేదు, నాడి చూస్తే చాలు" అన్నారంటే చెప్పులేసుకుని వచ్చేయడమే. మంచివాళ్ళు వాళ్ళే అడిగి మరీ రక్తపరీక్షలు రాస్తారు.

అగ్నిమాంద్యం, ఆమం, వాత ప్రకోపం లాంటి మాటలు వినబడతాయి. అర్థం కాకపోతే తలూపొద్దు. "అంటే నాకేమైంది, ఇంగ్లీషు వైద్యంలో దీన్నేమంటారు" అని అడగండి, బీఏఎంఎస్ చదివినవాళ్ళకి రెండు భాషలూ వచ్చి ఉంటాయి.

మందుల చీటీ చేతికొచ్చాక

అసలు జాగ్రత్త ఇక్కడ మొదలవుతుంది. కీళ్ళకైతే యోగరాజ గుగ్గులు మాత్రలు, మహారాస్నాది కషాయం, పైన రాయడానికి మహానారాయణ తైలం లాంటివి రాస్తుంటారు. మలబద్ధకానికి త్రిఫల చూర్ణం, అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఇవి పేరున్న మందులు, ఏ కంపెనీవి కొన్నా లేబుల్ మీద దినుసులన్నీ ఉంటాయి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, ఏ దినుసు ఎంత వేశారో, ఇవి లేబుల్ మీద ఉండాలని చట్టమే చెప్తోంది. వత్సనాభి, నేపాళం, ముష్టిగింజ, నల్లజీడి, గురివింద, ఉమ్మెత్త లాంటి విష ద్రవ్యాలు కడుపులోకి వెళ్ళే మందులో ఉంటే, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక కూడా డబ్బా మీద ఉండాలి. శుద్ధి చేసి వాడితే మందు, చేయకపోతే విషం అనే కోవలోవి ఇవి. యూట్యూబ్ చూసి ఇంట్లో ప్రయత్నించేవి కావు.

ఇక పొట్లాలు. న్యూస్ పేపర్లోనో, పేరు లేని ప్లాస్టిక్ డబ్బాలోనో బూడిదరంగు పొడి పోసి "పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి తేనెలో" అంటారు. ఏంటండీ ఇది అంటే "మా రహస్య ఫార్ములా" అంటారు. నేనైతే ఆ పొట్లం అక్కడే పెట్టేసి వస్తాను. ఎందుకంటే కీళ్ళ నొప్పులకి, ఆయాసానికి ఇచ్చే ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు దంచి కలపడం కొత్తేమీ కాదు. గుర్తుపట్టడం ఎలాగంటే, ఏళ్ళనాటి నొప్పి రెండు రోజుల్లో మాయమవుతుంది, ఆకలి విపరీతంగా పెరుగుతుంది, మొహం ఉబ్బి గుండ్రంగా అవుతుంది, షుగర్ బీపీ పెరుగుతాయి, మందు ఆపితే నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది. అలా అనుమానమొస్తే, ముఖ్యంగా నెలల తరబడి వాడి ఉంటే, మీ అంతట మీరు ఠక్కున ఆపేయొద్దు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే పడిపోయి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. పొట్లంతో సహా ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి.

లోహాల సంగతి కూడా సూటిగా అడగాలి. "ఇందులో భస్మాలు, పాదరసం ఏమైనా ఉన్నాయా?" ఆయుర్వేదంలో రసౌషధాలు, అంటే పాదరసం, లోహాల భస్మాలతో చేసే మందులు, ఒక పెద్ద శాఖ, అవి కల్తీ కాదు, శాస్త్రంలో ఉన్నవే. ఉదాహరణకి చాలామంది వాడే ఆరోగ్యవర్ధిని వటిలో కటుకరోహిణి అనే మూలికతో పాటు శుద్ధి చేసిన పాదరసం, గంధకం, లోహ, అభ్రక, తామ్ర భస్మాలు ఉంటాయి. మూలికలే కదా అనుకుని మింగుతుంటారు, అది తెలియకపోవడమే సమస్య. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు, వాటిలో 14 మందుల్లో సీసం గానీ పాదరసం గానీ ఆర్సెనిక్ గానీ ఉన్నట్టు తేలింది. 2008లో ఇంటర్నెట్‌లో కొన్న 193 మందులతో మళ్ళీ చూస్తే అప్పుడూ ఐదింట ఒక వంతు అలాంటివే, అందులో అమెరికాలో తయారైనవీ ఉన్నాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు అయితే "భస్మాలు లేని మందే రాయండి" అని ముందే చెప్పేయాలి.

మూలికల్లో కూడా కొన్ని కిడ్నీకి చేటు చేస్తాయి. నులిపురుగులకీ, చర్మానికీ ఊళ్ళల్లో వాడే గాడిదగడపాకు, ఈశ్వరి వేరు ఒకే జాతివి. వాటిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుందని తేలింది. కరోనా టైంలో అందరూ తాగిన తిప్పతీగ సంగతి తెలిసిందే. 2021లో ముంబై లివర్ డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురిస్తే, ఆయుష్ మంత్రిత్వ శాఖ అది అసలు తిప్పతీగ కాదేమో, దాన్ని పోలిన ఇంకో తీగ కావచ్చంది. ఎవరిది నిజమైనా మనం తెలుసుకోవాల్సింది ఒకటుంది: గోడ మీద పాకిన ఏ తీగనో కోసుకొచ్చి నెలల తరబడి తాగే పని పెట్టుకోవద్దు.

మీరు ఇప్పటికే వాడుతున్న మాత్రలతో

ఆ సంచీ తీసుకెళ్ళమన్నది ఇందుకే. పొడపత్రి, కాకర, మెంతుల పొడులు షుగర్ మాత్రలతోనో ఇన్సులిన్‌తోనో కలిస్తే షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరగొచ్చు. అతిమధురం దగ్గు మందుల్లో, కడుపు మంట మందుల్లో తగులుతుంది. ఎక్కువ రోజులు వాడితే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది, నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్ళకి ఇంకా ఇబ్బంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ని పెంచగలదు కాబట్టి థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు చెప్పకుండా వాడకూడదు. పిల్లల జ్ఞాపకశక్తికని శంఖపుష్పి సిరప్ తెస్తుంటారు, అది ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ ప్రభావాన్ని తగ్గించి మళ్ళీ ఫిట్స్ రప్పించవచ్చు. ఇసబ్గోల్ తాగుతూనే పక్కన మాత్ర మింగితే మాత్ర సరిగ్గా ఒంటబట్టదు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు వెల్లుల్లి, పసుపు క్యాప్సూల్స్ జోలికి అడగకుండా పోవద్దు. కూరలో వేసే పసుపు గురించి కాదు నేను చెప్పేది.

అమ్మని ఒక వైద్యుడు "ఇంగ్లీషు మందులన్నీ ఈరోజే ఆపేయండి, అవి ఉంటే మా మందు పనిచేయదు" అన్నాడు. ఆమెకి పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. ఆ ఫీజు పోతే పోయిందని చీటీ కూడా తీసుకోకుండా లేచి వచ్చాం. షుగర్, బీపీ, ఫిట్స్, గుండె, థైరాయిడ్ మాత్రల్ని తగ్గించాలన్నా ఆపాలన్నా వాటిని రాసిన డాక్టరే, పరీక్షలు చూసి చేయాలి. అలాగే మీ ఫ్యామిలీ డాక్టర్‌కి కూడా ఆయుర్వేదం వాడుతున్నట్టు చెప్పండి. ఆయన చిరాకుపడొచ్చు, నాలుగు మాటలు అనొచ్చు, అయినా చెప్పండి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, మామూలుగా రెండు వారాల ముందే మూలికల మందులు ఆపమంటారు.

కషాయం, పథ్యం

కషాయం ఇంట్లో కాచుకునే పొడి ఇస్తే అది మెత్తటి చూర్ణం కాదు, కచ్చాపచ్చాగా దంచినది. సాధారణంగా పది గ్రాముల పొడికి దానికి 16 రెట్లు నీళ్ళు, అంటే 160 మిల్లీలీటర్లు పోసి, మూత పెట్టకుండా సన్నసెగ మీద నాలుగో వంతుకి, నలభై మిల్లీలీటర్లకి దిగేదాకా మరిగించి వడగడతారు. మీ డాక్టర్ వేరే కొలత చెప్తే అదే పాటించండి. స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం వద్దు. గిన్నె లోపల నీళ్ళు ఎక్కడిదాకా దిగాలో మొదటిరోజే ఒక పుల్లతో కొలిచి గుర్తు పెట్టుకుంటే రోజూ కొలిచే బాధ ఉండదు. ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. వారానికి సరిపడా కాచి ఫ్రిజ్‌లో పెడితే అది కషాయం అనిపించుకోదు. చేదు నషాళానికి అంటుతుంది, వాసన వంటింట్లోంచి హాల్లోకి వస్తుంది, ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఓపిక లేకపోతే సీసాల్లో వచ్చే రెడీమేడ్ కషాయాలో, మాత్రల రూపమో రాయమని అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు.

అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిల్లో సహజంగా కొంత ఆల్కహాల్, పైగా బెల్లం ఉంటాయి. తాగుడు మానేసినవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు అడిగి గానీ తీసుకోవద్దు. లేహ్యాలు కూడా అంతే, సగానికి సగం తీపే.

దేనితో కలిపి తీసుకోవాలన్నది, అంటే అనుపానం, చీటీలో రాయించుకోండి. తేనెతోనా, నెయ్యితోనా, గోరువెచ్చని నీళ్ళతోనా, మజ్జిగతోనా, తిండికి ముందా తర్వాతా. ఇంటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు, ఒకరు తేనె అంటారు, ఒకరు పాలు అంటారు.

ఇక పథ్యం. పులుపు వద్దు, కారం తగ్గించు, వంకాయ వద్దు, గోంగూర వద్దు, పెరుగు రాత్రి వద్దు, పాత బియ్యం, పెసరపప్పు, బీరకాయ, పొట్లకాయ, పల్చటి మజ్జిగ. ఆవకాయ లేకుండా ముద్ద దిగని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ మొహమాటపడి అన్నిటికీ సరేనని వచ్చి ఇంట్లో చాటుగా తినడం కంటే, "నేను మెస్సులో తింటానండీ, సాంబారు తప్పదు, వీటిల్లో కచ్చితంగా మానాల్సినవి ఏవి?" అని బేరం పెట్టుకోవడం మేలు. పెద్ద లిస్టు ఉన్నచోట కూడా అడిగితే రెండు మూడింటికి తగ్గుతుంది. బాబాయికి మొదట పదిహేను పదార్థాలు మానమన్నారు, ఆయన గొడవపెట్టుకుంటే చివరికి పచ్చళ్ళు, మాంసం, రాత్రి ఆలస్యంగా తినడం, ఈ మూడూ మానమన్నారు. ఆ మూడూ ఆయన మానేశాడు కూడా. పథ్యం పేరుతో చిక్కిపోయేదాకా తిండి మాన్పిస్తే మాత్రం, ముఖ్యంగా పెద్దవాళ్ళకీ పిల్లలకీ, ఒప్పుకోకండి.

డబ్బులు, ప్యాకేజీలు

మోకాళ్ళకి జానువస్తి అని చేస్తారు. మినప్పిండి ముద్దతో మోకాలి చుట్టూ గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసి, చల్లారినప్పుడల్లా మారుస్తూ ఓ అరగంట ఉంచుతారు. హాయిగా ఉంటుంది, అమ్మకి చేసినంత కాలం నొప్పి తగ్గింది, మానేశాక కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. ఇలాంటివాటికి కొన్నిచోట్ల మొదటిరోజే పెద్ద ప్యాకేజీ చెప్పి మొత్తం కట్టేయమంటారు. కట్టొద్దు. ఏ రోజుది ఆ రోజు ఇస్తామనండి. వమనం (వాంతులు చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా) లాంటి పంచకర్మలు అందరికీ పడవు. బలహీనంగా ఉన్నవాళ్ళకి, గుండె జబ్బున్నవాళ్ళకి వాంతులు, విరేచనాలు చేయిస్తే ఒంట్లో నీరు, లవణాలు పోయి ఆసుపత్రి పాలవుతారు. చేసే ముందు మీ బీపీ, షుగర్, రిపోర్టులు చూశారా లేదా గమనించండి.

"షుగర్ పూర్తిగా నయం", "క్యాన్సర్‌కి గ్యారంటీ" అని బోర్డు పెట్టినవాళ్ళ దగ్గర అసలు ఆగొద్దు. అలాంటి ప్రకటనలు చేయడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, ఆ జబ్బుల జాబితాలో షుగర్, క్యాన్సర్ రెండూ ఉన్నాయి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి అమ్మలు ఇక్కడి నుంచి పొడులు పంపడం మన ఇళ్ళల్లో మామూలే. కొరియర్లో పేరు లేని పొట్లం పంపొద్దు, లేబుల్ ఉన్న సీలు డబ్బాలే పంపండి, అక్కడి డాక్టర్ అడిగితే చూపించడానికి చీటీ ఫోటో దగ్గర పెట్టుకోమనండి. అక్కడ గర్భిణులకి, పిల్లలకి రక్తంలో సీసం పరీక్ష చేస్తుంటారు, మందు సంగతి దాస్తే కారణం ఎక్కడుందో వాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు.

వాడుతున్నప్పుడు, రెండోసారి వెళ్ళినప్పుడు

"ఎన్నాళ్ళకి తేడా తెలుస్తుంది, తెలియకపోతే ఏం చేద్దాం?" ఈ ప్రశ్న మొదటిరోజే అడగాలి. చాలామంది ఒక మండలం వాడమంటారు, అంటే నలభై రోజులు. పర్లేదు, కానీ ఆ గడువు ముందే అనుకుని ఉంటే ఏడాది పాటు ఊరికే సాగదు. నెలకి మించి వాడాల్సి వస్తే మొదలుపెట్టేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి లివర్ పరీక్ష, క్రియాటినిన్ చేయించుకోండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పుట్టినా, అన్నం చూస్తేనే వికారం వచ్చినా, మూత్రం తగ్గి కాళ్ళు ఉబ్బినా మూలికల మందు ఆపి, ఆ రోజే డబ్బాలతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. "అది దోషాలు బయటికి పోవడం, వాడుతూనే ఉండండి" అని ఫోన్లో చెప్తే వినొద్దు.

రెండోసారి వెళ్ళేటప్పుడు మిగిలిన మందులు, ఖాళీ సీసాలు పట్టుకెళ్ళండి, ఎంత వాడారో వాటిని చూస్తేనే తెలిసిపోతుంది. మధ్యలో మానేసిన రోజులు, పెళ్ళిలో తిన్న పులిహోర, అన్నీ చెప్పండి, లేకపోతే మందు పనిచేయలేదనుకుని ఆయన మోతాదు పెంచేస్తారు. నొప్పి ఎంత తగ్గిందని అడిగితే "పర్లేదండీ" అని ఊరుకోకుండా, ఇదివరకు మెట్లు ఎక్కలేకపోయేవాళ్ళు ఇప్పుడు ఎన్ని ఎక్కగలుగుతున్నారో, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో చెప్తే వాళ్ళకి పనికొస్తుంది. చీటీలో కొత్త మందు చేరితే పాతదాంట్లో ఏది ఆపాలో అక్కడే అడిగి, దాని మీద పెన్నుతో కొట్టేయించుకుని మరీ రండి.